వెడర్ లైట్‌టక్ కైడెక్స్ హోల్‌స్టర్ (గ్లాక్ 19కి): పెట్టె విప్పాక ఒక సాయంత్రం పని ఉంది

కొత్త కైడెక్స్ హోల్‌స్టర్ (తుపాకీని ఒంటిమీద పెట్టుకునే ఒర) చేతికొచ్చాక చాలామంది అడిగే మొదటి మాట ఇదే: తుపాకీని ఇంత గట్టిగా పట్టేసింది, వాడుతూ పోతే వదులవుతుందా? తోలు ఒరకు అలవాటుపడిన చేతులకు ఆ సందేహం రావడం సహజం. తోలు కొత్త చెప్పులాంటిది. మొదట్లో కరిచినా, నాలుగు రోజులు వాడితే ఒంటికి అమరుతుంది. కైడెక్స్ అలా అమరే సరుకు కాదు. యాక్రిలిక్, పీవీసీ కలిపి తయారుచేసిన ఈ ప్లాస్టిక్‌ను రోమ్ అండ్ హాస్ సంస్థ 1965లో తెచ్చింది. దాని రేకును వేడి చేసి తుపాకీ అచ్చు మీద నొక్కి చల్లారిస్తే ఆ రూపంలోనే బిగుసుకుపోతుంది. తర్వాత ఎన్నిసార్లు తుపాకీ పెట్టి తీసినా రేకు సాగదు. మారేవల్లా అంచుల గరుకు, స్క్రూ కింద ఉన్న రబ్బరు, క్లిప్పు, బెల్టు. అందుకే దీన్ని వాడి వాడి దారికి తెచ్చుకోవాలని చూడకూడదు. పక్కన స్క్రూడ్రైవర్ పెట్టుకుని కూర్చుని సరిచేసుకోవాలి. ఈ పని చేయకుండా నేరుగా నడుముకు తగిలించుకున్నవాళ్లే "కైడెక్స్ నాకు పడలేదు" అంటుంటారు.

వెడర్ కంపెనీ లైట్‌టక్ ప్యాంటు లోపలి వైపు పెట్టుకునే హోల్‌స్టర్, ఇక్కడ చెప్పేది గ్లాక్ 19 పిస్టల్‌కు చేసినది. 0.08 అంగుళాల రేకు, అంటే సుమారు 2 మిల్లీమీటర్ల మందం. బెల్టును పట్టుకోవడానికి ఒకే ఒక్క స్ప్రింగ్ స్టీల్ క్లిప్పు. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం) దగ్గర పట్టు సరిచేసే స్క్రూ, దాని కింద రబ్బరు. క్లిప్పును పైకీ కిందికీ జరుపుకోవచ్చు, 0 నుంచి 30 డిగ్రీల దాకా వంపు పెట్టుకోవచ్చు. ఇన్ని సర్దుబాట్లున్నా ధర వంద డాలర్ల లోపే. సరుకు మాత్రం ఇంతే. పనితీరు మీరు ఈ స్క్రూలతో ఎలా మెలుగుతారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ముందుగా చట్టం సంగతి, ఎందుకంటే ఇది చదివే మనవాళ్లలో చాలామంది వీసా మీద ఉన్నవాళ్లే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాపై వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అయితే అది పైకి కనిపిస్తూ ఉంటే హోల్‌స్టర్‌లోనే ఉండాలి. పక్క రాష్ట్రంలో రూలు వేరేగా ఉండొచ్చు కాబట్టి సరిహద్దు దాటే ముందు చూసుకోండి. మన తెలుగు రాష్ట్రాల్లో ఆయుధ లైసెన్సు దొరకడమే గగనం, దొరికినవాళ్ల .32 రివాల్వర్లు ఎక్కువగా తోలు ఒరల్లోనే కనిపిస్తాయి. అందుకే ఇక్కడి విషయమంతా అమెరికాలో ఉన్నవాళ్లను ఉద్దేశించి రాస్తున్నదే.

ఇక పని. తుపాకీ ఖాళీ చేయడంలో వరస తప్పకూడదు. మొదట మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) బయటికి తీయాలి. తర్వాత స్లైడు (తుపాకీ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక్కి లాగి లాక్ చేయాలి. చాంబర్‌లోకి, అంటే పేలబోయే తూటా కూర్చునే చోటులోకి, కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడాలి. వరస తిరగేసి స్లైడు ముందు లాగితే, లోపలున్న మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఖాళీ అయిందనుకున్న తుపాకీ ఇలాగే పేలుతుంటుంది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఆ తర్వాతే హోల్‌స్టర్ ముట్టుకోండి. గ్లాక్‌కు బయట బొటనవేలితో వేసే సేఫ్టీ ఉండదు. ట్రిగ్గర్ మీదికి ఏదీ రాకుండా అడ్డుపడేది హోల్‌స్టర్ గోడే. కాబట్టి తుపాకీ లోపల పెట్టి చూసినప్పుడు ట్రిగ్గర్ గార్డు పూర్తిగా మూసుకుపోవాలి. ఏ పక్కనుంచైనా పెన్ను మొన ట్రిగ్గర్‌ను తాకగలుగుతోందంటే సర్దుబాట్ల జోలికి పోకుండా వెనక్కి పంపేయండి.

కంపెనీ నుంచి వచ్చిన హోల్‌స్టర్ లోపల సన్నటి ప్లాస్టిక్ పొడి, అంచులకు పాలిష్ పట్టినప్పటి దుమ్ము మిగిలి ఉంటాయి. స్లైడు మీద గీతలు పడడానికి కైడెక్స్ కంటే ఈ పొడే ఎక్కువ కారణం. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తో లోపలంతా తోమి, పూర్తిగా ఆరనివ్వండి. మరిగే నీళ్లు వద్దు. అసిటోన్, ఘాటైన సాల్వెంట్లు అసలే వద్దు, ఈ ప్లాస్టిక్‌ను అవి తినేస్తాయి. లోపలి అంచుల మీద వేలితో నెమ్మదిగా రాసి చూస్తే అక్కడక్కడా గరుకు తగలొచ్చు. 400 గ్రిట్ సాండ్‌పేపర్‌తో రెండు మూడు సార్లు, ఆ తర్వాత 800తో నాలుగు సార్లు రుద్దితే పోతుంది. అంచు మాత్రమే, లోపలి అచ్చును ముట్టుకోకూడదు.

పట్టు దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. తుపాకీ మొత్తాన్నీ నొక్కిపట్టి ఆపడం హోల్‌స్టర్ పని కాదు. ట్రిగ్గర్ గార్డు బోలులోకి రేకు కొంచెం లోపలికి నొక్కుకుని ఉంటుంది. తుపాకీ అడుగుదాకా దిగినప్పుడు ఆ నొక్కు గార్డులో కూర్చుని "టిక్" మంటుంది. పట్టంటే ఆ టిక్కే. స్క్రూ బిగిస్తే రెండు వైపుల రేకులు దగ్గరికొచ్చి ఆ నొక్కు లోతుగా కూర్చుంటుంది, వదులు చేస్తే తేలిపోతుంది. స్లైడు పొడవునా జరిగే రాపిడి దీంతో సంబంధం లేని వేరే సంగతి.

రెండింటినీ విడదీసి చూడడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. స్క్రూను ఒకటిన్నర చుట్టు వదులు చేసి, తుపాకీని పెట్టి తీయండి. మొదటి అరంగుళంలో మాత్రమే కాస్త పట్టుకుని, టిక్‌మని వదిలాక జారుడుగా వచ్చేస్తే అంతా బాగున్నట్టే, మిగిలిన పని స్క్రూతో తేలిపోతుంది. అలా కాక మూతి బయటికి వచ్చేదాకా లాగుతూనే ఉండాల్సి వస్తే రేకు స్లైడును ఒరుసుకుంటోందన్నమాట. స్క్రూ ఎంత తిప్పినా అది సరికాదు. అచ్చు తప్పై ఉండొచ్చు, మోడల్ తప్పై ఉండొచ్చు. ఇక్కడ గ్లాక్ వాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. గ్లాక్ 19 హోల్‌స్టర్‌లో పాత గ్లాక్ 23 చక్కగా సరిపోయేది. జెన్5 (ఐదో తరం) గ్లాక్ 23 స్లైడు వెడల్పు పెరిగింది కాబట్టి ఇప్పుడు సరిపోదు. జెన్5కి రెండు పక్కలా స్లైడ్ స్టాప్ మీట (స్లైడును వెనక నిలిపి ఉంచేది) ఉంటుంది, పాత జెన్3 అచ్చులో అది ఒరుసుకోవచ్చు. ఆర్డరు పెట్టేటప్పుడే జనరేషన్ సరిగ్గా ఎంచుకోవాలి.

స్క్రూ ఎప్పుడూ పావు చుట్టు చొప్పునే తిప్పాలి. ఈ హోల్‌స్టర్లలో మామూలుగా వాడే 8-32 కొలత స్క్రూ మరలో ఒక చుట్టుకు 0.8 మిల్లీమీటర్లు కదులుతుంది, పావు చుట్టంటే 0.2. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ తీసేటప్పుడు తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ప్రతి పావు చుట్టుకూ నాలుగైదుసార్లు పెట్టి తీసి చూసి, ఆ తర్వాతే ఇంకో పావు.

స్క్రూ కింద రబ్బరు ఎందుకుందో తెలిస్తే సగం సమస్యలు రానేరావు. అది రెండు రేకుల మధ్య నలిగి, ఎప్పుడూ స్క్రూను బయటికి నెట్టుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే స్క్రూ తనంతట తాను తిరగకుండా నిలబడుతుంది. పట్టు ఎక్కువగా ఉందని స్క్రూను బాగా వదిలేస్తే రబ్బరు మీద ఒత్తిడి పోయి, స్క్రూ రోజురోజుకూ కొంచెం కొంచెం ఊడిపోతూ ఒకరోజు పార్కింగ్ లాట్‌లో రాలిపోతుంది. అంత వదులు కావాలంటే స్క్రూను వదలకండి, రబ్బరు మార్చండి. ఇంకొంచెం పొడవున్నది వేస్తే స్క్రూ బిగువుగానే ఉంటుంది, పట్టు తగ్గుతుంది. దీనికి తిరగేసిన సమస్యా ఉంది. స్క్రూ చివరిదాకా బిగిసిపోయినా తుపాకీ వదులుగానే ఉంటే రబ్బరు పొడవెక్కువైందన్నమాట. దాన్ని బ్లేడుతో ఒకటి రెండు మిల్లీమీటర్లు కోయండి. అంతేగానీ బలమంతా పెట్టి బిగిస్తే స్క్రూ తల కింది రేకు చీలుతుంది. కైడెక్స్‌లో చీలిక మొదలైతే అతుకులుండవు.

పెట్టెలోంచి తీసినప్పుడు బాగా బిగువుగా ఉంటే ప్లాస్టిక్ సంచి చిట్కా పనికొస్తుంది. ఫ్రిజ్‌లో వాడే జిప్ సంచి ఒకటి తీసుకుని, ఖాళీ తుపాకీని అందులో పెట్టి, సంచితో సహా టిక్‌మనేదాకా హోల్‌స్టర్‌లోకి దింపి, ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు సంచి తీసేసి 50 నుంచి 100 సార్లు పెట్టి తీయండి. ఇందులో కైడెక్స్ సాగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, సర్దుకునేది రబ్బరే. రాత్రంతా ఆ మందానికి నలిగి కొంత కూర్చుంటుంది, రాపిడికి అంచులు నునుపెక్కుతాయి. తువ్వాలు, పాత టీషర్టు పెట్టి ఇదే చేయమని చెప్పేవాళ్లున్నారు. గుడ్డ మందం అతిగా ఉంటుంది, ట్రిగ్గర్ గార్డులో చిక్కుకుంటుంది కూడా. సంచైనా గుడ్డైనా ట్రిగ్గర్‌ను లాగే ప్రమాదం ఉన్నదే కాబట్టి ఖాళీ తుపాకీతో తప్ప చేయరాదు. పని ముగిశాక లోపల సంచి ముక్కేదీ మిగలలేదని లైటు వేసి చూడండి.

పట్టు ఎంత ఉండాలి? తలకిందులు పరీక్షతో తేల్చుకోవచ్చు. హోల్‌స్టర్‌ను పరుపు మీద తిరగేసి పట్టుకుని గట్టిగా నాలుగైదుసార్లు ఊపాలి, తుపాకీ రాలకూడదు. ఇక్కడ చాలామంది ఒక సంగతి వదిలేస్తారు. ఖాళీ గ్లాక్ 19, మ్యాగజైన్ లేకుండా, 600 గ్రాములకు కాస్త పైన. మ్యాగజైన్ నిండా తూటాలతో దాదాపు 850. ఖాళీగా పాసైన పట్టు నిండుగా ఉన్నప్పుడు చాలకపోవచ్చు. మ్యాగజైన్‌లో డమ్మీ తూటాలు నింపి, చాంబర్ ఖాళీగా ఉంచి ఊపి చూడండి. డమ్మీలు అసలు వాటికంటే తేలికగా ఉంటాయి కాబట్టి అక్కడ పాసయ్యాక ఇంకో పావు చుట్టు బిగించి ఉంచుకోవడం మేలు. మరీ ఎక్కువైందా అన్నది బెల్టు చెబుతుంది. హోల్‌స్టర్ నడుముకు పెట్టుకుని తుపాకీ లాగినప్పుడు ప్యాంటు పైకి లేస్తోందంటే అర చుట్టు తగ్గించాలి.

కుదిరాక స్క్రూ తల నుంచి రేకు మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు చూసినా గీత కలిసి ఉందా, తప్పిందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ఇంత చిన్న పని ఇంత భరోసా ఇవ్వడం ఇంకెక్కడా చూడం. స్క్రూ కదలకుండా మర జిగురు పెట్టాలనుకుంటే వైబ్రా-టైట్ వీసీ-3 సరైనది. స్క్రూ మర మీద రాసి, అరగంట ఆరనిచ్చి, ఆ తర్వాత బిగించాలి. ఆరిన జిగురు రబ్బరులా ఉంటుంది కాబట్టి మళ్లీ తిప్పి సరిచేసుకోవచ్చు. నీలం లాక్‌టైట్ లాంటి ద్రవ జిగుళ్లు ఇనుముకు మంచివే గానీ, కారి ప్లాస్టిక్‌కు అంటుకుంటే సన్నటి పగుళ్లు రావొచ్చు. ఎరుపు రంగుది దగ్గరికి కూడా రానివ్వొద్దు.

క్లిప్పు ఎత్తు, వంపు మీ ఒంటిని బట్టి. గడియారంలో 4 గంటల దిక్కున, అంటే కుడి తుంటి వెనక పెట్టుకునేవాళ్లకు పిడి ముందుకు వాలేలా 15 డిగ్రీల దగ్గర మొదలుపెట్టడం మంచిది. వంగినప్పుడు పిడి చొక్కాను వెనక్కి నెట్టకుండా ఉంటుంది. పొట్ట ముందు పెట్టుకునేవాళ్లకు వంపు 0 ఉండాలి. ఎత్తు తేల్చుకోవడానికి తుపాకీ హోల్‌స్టర్‌లో ఉండగానే పిడిని పట్టుకుని చూడండి. ట్రిగ్గర్ గార్డు కింద మూడు వేళ్లూ పూర్తిగా చుట్టుకోవాలి, మధ్యవేలి కణుపు బెల్టుకు తగలకూడదు. తగిలితే హోల్‌స్టర్‌ను ఒక మెట్టు పైకి తేవాలి. మరీ పైకి తెస్తే బరువంతా బెల్టు పైనే ఉండి పిడి పక్కకు వాలుతుంది. కూర్చుని చూడండి, కారులో కూర్చుని చూడండి, నిలబడి మాత్రమే తేల్చుకున్న ఎత్తు మధ్యాహ్నానికే గుచ్చుతుంది. ఈ స్క్రూలు మార్చిన ప్రతిసారీ మళ్లీ గీత గీసుకోవాలి.

లైట్‌టక్‌కు ఉన్న ఒక్క క్లిప్పు దాని బలమూ బలహీనతా. పెట్టుకోవడం, తీయడం క్షణంలో అయిపోతుంది, మందమూ తక్కువ. కానీ ఒకే చోట పట్టుకున్న హోల్‌స్టర్ ఆ చోటు చుట్టూ తిరగడానికి చూస్తుంది. మెత్తటి ఆఫీసు బెల్టు మీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. 1.5 అంగుళాల గట్టి గన్ బెల్టు ఉంటే సగం సమస్య తీరిపోతుంది, ఆ ఖర్చును హోల్‌స్టర్ ధరలోనే కలిపి లెక్కేసుకోండి. బెల్టు లేకుండా నాడా ప్యాంటుకు తగిలించడం గురించి ఆలోచించనే వద్దు. క్లిప్పు కొక్కెం బెల్టు కింది అంచును దాటి, లోపలికి మడిచి పట్టుకుందో లేదో రోజూ వేలితో తడిమి చూసుకోవాలి. పైపైన కూర్చుంటే, తుపాకీ లాగినప్పుడు హోల్‌స్టర్‌తో సహా చేతికొస్తుంది. అప్పుడు తుపాకీ చేతిలో ఉంటుంది, ట్రిగ్గర్ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఖాళీ తుపాకీతో, బెల్టు కట్టుకుని, హోల్‌స్టర్‌ను పట్టుకుని నిట్టనిలువుగా పైకి గుంజండి. రాకూడదు.

పొట్ట ముందు పెట్టుకునేవాళ్లు క్లా తీసుకుంటే బాగుంటుంది. అది ట్రిగ్గర్ గార్డు వైపున బెల్టుకు ఆనుకునే చిన్న రెక్క. బెల్టు దాన్ని నొక్కితే పిడి ఒంటివైపు తిరిగి చొక్కా కింద కలిసిపోతుంది. మూతి దగ్గర లోపలి వైపు వెల్‌క్రోతో ఒక ఫోమ్ దిమ్మె అంటిస్తే పిడి ఇంకొంచెం లోపలికి వస్తుంది. 4 గంటల దిక్కున పెట్టుకునేవాళ్లకు ఈ రెండింటి వల్ల పెద్దగా ఒరిగేది లేదు.

సర్దుబాట్లన్నీ అయ్యాక ఇంకో రెండు చూడాలి. తుపాకీ లోపల ఉండగా మ్యాగజైన్ రిలీజ్ బటన్ వైపు రేకును బయటినుంచి వేలితో గట్టిగా నొక్కి, మ్యాగజైన్‌ను కిందికి లాగండి. కదిలితే, బిగువు బెల్టు కట్టుకుని కారెక్కినప్పుడు అది సగం ఊడి కూర్చుంటుంది, మీకు తెలియనైనా తెలియదు. రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) ఉన్నవాళ్లు, పొడవు సైట్లు (గురి చూసే మొనలు) పెట్టించుకున్నవాళ్లు, ముందు సైటు లోపలి కాలువ పైభాగాన్ని గీరుతోందేమో చూడాలి. కాలువలో తెల్లటి ప్లాస్టిక్ నలుసులు కనిపిస్తే గీరుతున్నట్టే.

హీట్ గన్‌తో వేడి చేసి సరిచేయమనే వీడియోలు కొల్లలుగా ఉన్నాయి. చేయకండి. కైడెక్స్ 77 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఒత్తిడికి వంగడం మొదలుపెడుతుంది. హీట్ గన్ అంతకు ఎన్నో రెట్లు వేడి చిమ్ముతుంది. స్లైడు దగ్గర వదులు చేయబోతే రెండంగుళాల దూరంలో ఉన్న ట్రిగ్గర్ గార్డు నొక్కు చదునైపోతుంది, దాంతో టిక్ పోయినట్టే. అదే కారణంతో టెక్సస్, ఆరిజోనా ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద ఖాళీ హోల్‌స్టర్ వదలకూడదు. నేరుగా ఎండ పడే చోట వేడి 70 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. ఎండలో మిగిలిపోయిన హోల్‌స్టర్‌ను వాడబోయే ముందు తలకిందులు పరీక్ష మళ్లీ చేయాలి.

గీతల సంగతి ముందే చెప్పుకోవాలి. స్లైడు మూతి అంచుల దగ్గర మెరుపు మారుతుంది, ఏ కైడెక్స్‌తోనైనా ఇది తప్పదు. గ్లాక్ జెన్5 పూత గట్టిది కాబట్టి ఆలస్యంగా కనిపిస్తుంది. నీలి పాలిష్ ఉన్న పాత 1911 పిస్టల్‌ను అపురూపంగా చూసుకునేవాళ్లకు తోలే నయం.

తిరిగి పెట్టేటప్పుడు మాత్రం తొందర వద్దు. చొక్కాను రెండో చేత్తో పైకెత్తి, హోల్‌స్టర్ నోటిలోకి చూస్తూ, వేలు స్లైడు పక్కన నిటారుగా ఉంచి, నెమ్మదిగా దింపండి. జాకెట్ నాడా కొసనుండే ప్లాస్టిక్ ముడి ట్రిగ్గర్ గార్డులో దూరితే ఎంత మంచి హోల్‌స్టరూ కాపాడలేదు. మధ్యలో ఎక్కడైనా అడ్డు తగిలితే నొక్కకండి, బయటికి తీసి చూడండి.

మొత్తానికి గట్టి బెల్టు కొనడానికి సిద్ధపడి, తుంటి వెనక పెట్టుకోవాలనుకునేవాళ్లకు లైట్‌టక్‌ను నిస్సంకోచంగా చెప్పొచ్చు. రోజంతా పొట్ట ముందు పెట్టుకునేవాళ్లకు, రోజూ పరుగూ కసరత్తూ ఉన్నవాళ్లకు రెండు క్లిప్పుల హోల్‌స్టర్ మేలు. ఆ సౌకర్యం ఒక్క క్లిప్పుతో రాదు. ఏది కొన్నా, అదే ఆర్డరులో రెండు రబ్బర్లు, రెండు స్క్రూలు అదనంగా తెప్పించుకోండి. మొదటి వారంలో రబ్బరు కూర్చుంటుంది కాబట్టి ఏడో రోజున పట్టు మళ్లీ చూడాలి, ఆ తర్వాత నెలకోసారి గీత కలిసి ఉందో లేదో చూస్తే చాలు. రబ్బరు గట్టిపడి వేలితో నొక్కినా నలగకపోతే, లేదా అంచుల్లో పగుళ్లు కనిపిస్తే, దాన్ని తీసేసి కొత్తది వేసి పావు చుట్ల లెక్క మొదటినుంచి చేసుకోవాలి.